కుముదినీదేవి పనితనం

మా వడ్లమూడి వైపు ఊళ్లలో ఆశా కార్యకర్త గడపలోకి వచ్చి "ఒంటిమీద మొద్దుబారిన మచ్చలేమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగితే, లేవని చెప్పి పంపించేసేవాళ్లే ఎక్కువ. పెద్దరోగం పేరెత్తడానికే మనకు జంకు. తెనాలి మోరిస్‌పేటలోని గ్రెట్నాల్టెస్ సంస్థ కుష్ఠు వైద్యంతో పాటు ఆరోగ్య ప్రచారాన్నీ తన పేరులోనే పెట్టుకుంది. మందు ఇవ్వడం ఒక ఎత్తు, మచ్చ చూపించేలా మనిషిని ఒప్పించడం మరో ఎత్తు. ఆ రెండో ఎత్తు తెలిసినవాళ్లకే రాణీ కుముదినీదేవి పనితనం బాగా అర్థమవుతుంది.

ఆమె పింగళి వెంకటరమణారెడ్డి కూతురు, వనపర్తి సంస్థానం కోడలు. రుషీకేశ్ శివానందస్వామి శిష్యురాలు. 1958లో కూకట్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం పెట్టారు. అప్పటికి కూకట్‌పల్లి అంటే ఊరవతల. హైదరాబాదుకు తొలి మహిళా మేయరు అయింది ఆ తర్వాత, 1962లో. నాకు నచ్చింది ఈ వరసే. పదవి వచ్చాక ఫొటో కోసం ఆశ్రమానికి వెళ్లినవాళ్లను చాలామందిని చూశాం. ఈమె ఆశ్రమం నుంచి పదవికి వచ్చారు.

1958 నాటికి కుష్ఠుకు చేతిలో ఉన్న ప్రధానమైన మందు డాప్సోన్. ఏళ్ల తరబడి మింగాలి. దానికి రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్ కలిపి ఆరు నెలల్లోనో రెండేళ్లలోనో నయంచేసే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1981లో. అంటే ఆనాడు కావలసింది చీటీ రాసిచ్చే ఆసుపత్రి కాదు, మనిషి ఏళ్లకేళ్లు తలెత్తుకుని బతికే చోటు. పేరులో పునరావాసం అన్న మాట ఊరికే పడలేదు.

అలాంటి చోట రోజూ జరిగే పనిలో పెద్ద విశేషాలేమీ కనిపించవు. ఈ రోగంలో వేళ్లు వాటంతట అవే రాలిపోవు. నరం చచ్చి స్పర్శ పోతుంది. చెప్పులో మేకు దిగినా తెలియదు, పొయ్యి మీది గిన్నె కాలినా తెలియదు. పుండు పడుతుంది, చీము పడుతుంది, ఎముక దాకా పోతుంది. అందుకే ప్రతి సాయంత్రం పాదాలు నీళ్లలో నానబెట్టాలి. అరికాలి ఆనెలను మెల్లగా అరగదీయాలి. చర్మం పగలకుండా, తడి ఆరకముందే నూనె రాయాలి. నొప్పి చెప్పాల్సిన పని కళ్లు చేయాలి కాబట్టి, వేళ్ల సందులు కూడా వదలకుండా చూసుకోవాలి. మెత్తటి రబ్బరు చెప్పులు తొడగాలి. మర్నాడు మళ్లీ ఇదంతా మొదలు. ఒక్క వారం బద్ధకించినా నెలల శ్రమ పోతుంది. సంస్థానాధీశుల ఇంటి మనిషి ధర్మకర్తగా చెక్కు మీద సంతకం పెట్టడం వింత కాదు. ఇంత విసుగు పుట్టించే పని ఏళ్ల తరబడి ఆగకుండా సాగే ఏర్పాటు చేయడం మాత్రం అసలైన నేర్పు. మున్సిపాలిటీ పని కూడా చాలావరకు ఇలాంటిదే: నీళ్లు, కాలువలు, చెత్త. నిన్న చేశాం కదా అని ఈరోజు మానేయడానికి లేదు.

ఆమె రెండుసార్లు వనపర్తి నుంచి శాసనసభకు కూడా ఎన్నికయ్యారు. ఆ సంగతి ఎలా ఉన్నా, ఆశ్రమం మాత్రం ఆగలేదు. క్షయ రోగులకు కూడా అక్కడ చోటు దొరికింది. ఇప్పుడు చుట్టూ ఊరు కమ్ముకుంది, మెట్రో వచ్చింది.

ఒక విడ్డూరం చెప్పుకోవాలి. కుష్ఠు ఉన్నవాళ్లు మున్సిపల్ పదవికి పనికిరారని ఒడిశా చట్టంలో ఒక నిబంధన ఉండేది. 2008లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. వాళ్ల మధ్య పని చేసొచ్చి మేయరు కుర్చీలో కూర్చున్న మనిషి అప్పటికి బతికే ఉన్నారు. 2009లో పోయారు. 1898 నాటి కుష్ఠురోగుల చట్టాన్ని పార్లమెంటు రద్దు చేసింది ఆ తర్వాత ఏడేళ్లకు, 2016లో.