కంచంలో ఏముంది?

సినిమా మీద అభిప్రాయం చెప్పాలంటే స్క్రీన్‌ప్లే తెలియాలంటారు, కెమెరా తెలియాలంటారు. నాకు రెండూ తెలియవు. మొదటి రోజు మొదటి ఆటకి వెళ్ళే ఓపికా లేదు. నేను చూసేదంతా ఇంట్లో టీవీలోనే, అదీ బీరకాయ చెక్కు తీస్తూనో, ఆరిన బట్టలు మడతపెడుతూనో. మధ్యలో కుక్కర్ కూస్తుంది, లేచి వెళ్తాను. తిరిగొచ్చేసరికి హీరో దేశం మారిపోయి ఉంటాడు. ఇలా చూసేవాళ్ళు అభిప్రాయాలు చెప్పకూడదని మా ఇంట్లో ఒక వర్గం వాదన. నాకు మాత్రం బోలెడున్నాయి. వాటిలో చాలావరకు పుట్టేది ఒకే చోట: తెర మీద వాళ్ళు ఏం తింటున్నారు, ఎలా తింటున్నారు.

ఇదేం లెక్క అని నవ్వకండి. ఏడుపుకి గ్లిజరిన్ ఉంది, ఫైటుకి డూప్ ఉన్నాడు, పాటకి ఇంకెవరిదో గొంతు ఉంది. అన్నం కలిపే చేతికి ఏ సాయమూ లేదు. పప్పూ అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకునే తీరు చూస్తే ఆ మనిషి పాత్రలో ఉన్నాడో, కాల్‌షీట్‌లో ఉన్నాడో తెలిసిపోతుంది. కాఫీ కప్పు ఇంకా త్వరగా పట్టిచ్చేస్తుంది. ఖాళీ కప్పుని పట్టుకున్న చెయ్యి తేలిగ్గా లేస్తుంది. అందులో వేడి కాఫీ ఉంటే మనం అలా గాల్లో తిప్పుతూ ఆస్తి పంపకాల గురించి మాట్లాడగలమా? చీర మీద ఒలికి ఈపాటికి పెద్ద గొడవ అయి ఉండేది.

మన డైలీ సీరియళ్ళలో డైనింగ్ టేబుల్ ఉన్నది తినడానికి కాదు, తినకుండా లేచిపోవడానికి. గాజు గిన్నెల నిండా ఏవేవో ఉంటాయి. పట్టుచీరల్లో అందరూ కూర్చుంటారు, ఒకరు మాట అంటారు, ఇంకొకరు కుర్చీ వెనక్కి తోసి వెళ్ళిపోతారు. ఆ వండినదంతా తర్వాత ఏం చేశారో, ఫ్రిజ్‌లో పెట్టారో, పనమ్మాయికి ఇచ్చారో ఎవరూ చూపించరు. వంటల కార్యక్రమాల్లో దీనికి పూర్తిగా తిరగేసిన జబ్బు. యాంకరమ్మ చెంచా చివర ఇంత పెట్టుకుని, అది నాలుకకి తగలకముందే కళ్ళు మూసేసుకుంటుంది. ఉప్పు తగ్గిందని ఇంతవరకూ ఒక్కరూ అనగా నేను వినలేదు.

సీరియళ్ళని అంత తేలిగ్గా తీసిపారేయను కూడా. మలయాళం ‘కరుత్తముత్తు’ నుంచి వచ్చిన ‘కార్తీకదీపం’ 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో నడిచింది. ప్రేమీ విశ్వనాథ్ వేసిన దీపని జనం పేరుతో పిలవలేదు, వంటలక్క అన్నారు. వారాలు వదిలేసి చూసినా కథ అర్థమయ్యేది. దీప మొగుడు డాక్టర్‌బాబు అనుమానం ఎక్కడ వదిలామో అక్కడే ఉండేది. ఆ సాగదీత మీద ఎన్ని జోకులైనా వేసుకోవచ్చు. కానీ మొగుడు వదిలేసిన ఆడది పొయ్యి వెలిగించుకుని తన బతుకు తను బతకడం అన్న ఒక్క విషయం కోసం మా వీధిలో సాయంత్రం పనులు వాయిదా పడేవి. ఆ మాత్రం పని చాలా పెద్ద సినిమాలు కూడా చెయ్యలేదు.

పెద్ద సినిమాలంటే గుర్తొచ్చింది. 2015లో వచ్చిన మొదటి ‘బాహుబలి’లో ఆకాశమంత విగ్రహాన్ని తాళ్ళతో లాగి నిలబెడతారు. అందరూ గ్రాఫిక్స్ చూస్తుంటే, లాగినవాళ్ళకి మధ్యాహ్నం భోజనం ఎవరు వండారా అని నాకు సందేహం వచ్చింది. రాజమౌళిగారు జవాబు చెప్పలేదు. కె.వి.రెడ్డిగారైతే చెప్పి ఉండేవారు. 1957 నాటి ‘మాయాబజార్’లో మగపెళ్ళివారికి విడిది, పీటలు, పలహారాలు అన్నీ లెక్కగా అమరుస్తారు. సుయోధనులవారికి గోంగూర మీద ఎంత ప్రీతో కూడా చెప్పిస్తారు. హస్తినాపురంలో గోంగూర ఎక్కడిదని అడిగినవాడు లేడు, అడగబుద్ధి కాదు. పెళ్ళిలో వియ్యాలవారి నోటి రుచి కనుక్కోవడం మన ఇళ్ళలో జరిగేదే కాబట్టి ఆ కౌరవులు మనకి తెలిసినవాళ్ళైపోయారు. ఇక ఘటోత్కచుడి భోజనం. మార్కస్ బార్ట్‌లే కెమెరా మాయతో లడ్లు వాటంతట అవే నోట్లోకి వెళ్ళే ముచ్చట గురించి అందరూ చెబుతారు. నేను చూసేది ఎస్వీ రంగారావు ముఖం. లడ్లు మాయవే, ఆకలి మాత్రం నిజం. అంత లావు మనిషి ఎంత సుఖంగా, ఎంత నిదానంగా తింటాడో చూడండి.

‘గుండమ్మ కథ’ (1962)లో రామారావు రుబ్బురోలు ముందు కూర్చుని పాట పాడతాడు. అప్పటికే ఆయన కృష్ణుడూ రాముడూ అయినవాడు. ఇప్పటి ఏ పెద్ద హీరోని అయినా పొత్రం దగ్గర కూర్చోబెట్టి చూపించండి, అభిమానులు థియేటర్ అద్దాలు ఉంచరు. తినకపోవడాన్ని నటించినవాడు మాత్రం ఒక్కడే, కోట శ్రీనివాసరావు. జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’ (1987)లో పిసినారి లక్ష్మీపతి కోడిని దూలానికి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. ఆ సీను నవ్వించడానికి రాసిందే. కానీ ఆయన నమిలే తీరులో నిజంగానే కూర ఉంటుంది. 2025 జూలైలో ఆయన పోయారని టీవీలో చెప్పినప్పుడు, అన్ని వందల వేషాల్లో నాకు ముందు కళ్ళకి కట్టింది ఆ కోడే.

టీవీలో హాస్యమంటే నాకిప్పటికీ ‘అమృతం’. గుణ్ణం గంగరాజు తీసినది, 2001 నుంచి 2007 దాకా జెమినీలో ఆదివారాలు వచ్చేది. అమృతంగా ముగ్గురు మారారు. శివాజీ రాజానా, నరేషా, హర్షవర్ధనా అని ఇంట్లో కొట్టుకునేవాళ్ళం. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు గురించి మాత్రం తగాదా లేదు. వాళ్ళిద్దరూ నడిపే హోటల్ అమృత విలాస్‌లో తిండి బాగుండదన్నదే మొత్తం జోకు. హోటల్ పెట్టి పైకొచ్చే కథలు అందరూ తీస్తారు. ఎన్ని వారాలైనా పైకి రాని హోటల్ని చూసి నవ్వుకోవడంలో ఒక ఊరట ఉండేది.

అలాంటి హోటల్ కలే ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’ (2020)లో రాఘవది. కొలకలూరు కుర్రాడు, బొంబాయి చట్నీ బాగా చేస్తాడు, గుంటూరులో టిఫిన్ హోటల్ పెట్టాలని పట్టు. వినోద్ అనంతోజు తీశాడు. బొంబాయి చట్నీ అంటే చట్నీల్లో పేదది. కొబ్బరి లేనప్పుడు, పల్లీలు అయిపోయినప్పుడు, చుట్టాలు చెప్పకుండా దిగినప్పుడు చేసేది. శనగపిండి జారుగా కలిపి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేగాక పోసి, ఉండ కట్టకుండా తిప్పుతూ ఉండాలి. ఒక్క నిమిషం ఆదమరిస్తే గోడకి అంటించే జిగురైపోతుంది. అలాంటి దాన్ని పట్టుకుని ఒక కుర్రాడు కలగనడం నాకు చాలా నచ్చింది. ‘పెళ్ళిచూపులు’ (2016)లో ప్రశాంత్‌కి కూడా వంట పిచ్చే, ఫుడ్ ట్రక్ పెడతాడు. అది చక్కని సినిమా, హుషారుగా ఉంటుంది. కానీ రాఘవ చేతికి పిండి అంటింది. తండ్రి కొండలరావుగా గోపరాజు రమణ నోరు తెరిస్తే తిట్టు, ఆ తిట్టు కింద భయం. కొడుకు గుంటూరు వెళ్ళి ఉన్నదంతా పోగొట్టుకుంటాడన్న భయం. ఆయన తెరమీదికి వచ్చినప్పుడల్లా కత్తిపీట పక్కన పెట్టి చూశాను. స్నేహితుడి జాతకాల పిచ్చి మాత్రం సగానికి కత్తిరించవచ్చు. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళొచ్చింది అప్పుడే.

వీటన్నిటికన్నా గట్టిగా పట్టుకున్నది ‘బలగం’ (2023). వేణు ఎల్దండి ఈ కథ మొత్తాన్ని రెండు తిండి విషయాల మధ్య నిలబెట్టాడు. ఎప్పుడో ఒక విందులో అల్లుడికి నల్లిబొక్క, అంటే మూలుగ ఎముక, పడలేదు. మాటా మాటా పెరిగి బావాబావమరుదుల మధ్య రాకపోకలు ఆగిపోయి ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు పెద్దాయన కొమురయ్య పోయాడు. పిండం పిట్టకు పెడితే కాకి ముట్టదు. బొక్క కోసం విడిపోయినవాళ్ళు కాకి తినలేదని కలుసుకోవాల్సి వస్తుంది. కరీంనగర్ వైపు బంధువులున్న మా పక్కింటావిడ, ఇందులో నవ్వడానికేం లేదు, నల్లిబొక్క అంటే మర్యాద అంది. నిజమే, మా కోస్తాలో కూడా బంతిలో పక్కవాడికి రెండు బూరెలు పడ్డాయని పదేళ్ళు అలిగిన వియ్యంకులు ఉన్నారు. చివర్లో పాట దగ్గర జనం ఏడ్చారంటే వింత లేదు. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. నన్ను కదిపింది అంతకుముందే. ఇంటిల్లిపాదీ తలెత్తి, ఒక కాకి ఆకలి కోసం ఎదురుచూడడం.

మలయాళం ‘ద గ్రేట్ ఇండియన్ కిచెన్’ (2021) చూడమని చాలామంది చెప్పారు, భయపెట్టినట్టు చెప్పారు. నాకు భయమేం వేయలేదు, చిరాకేసింది. మునక్కాడ నమిలిన పిప్పి టేబుల్ మీద పడేసి లేచిపోయే మగాళ్ళని చూపించడానికి జియో బేబీ సంగీతం కూడా పెట్టలేదు. గిన్నెల చప్పుడూ, కారే సింకు పైపూ, అంతే. మా ఆయన అరగంటకే, ఇందులో కథేం లేదే అన్నాడు. లేదని నేనూ ఒప్పుకున్నాను, రోజూ ఉండేది కథ ఎలా అవుతుంది? నా ఫిర్యాదు ఒక్కటే. కోడలు ఇల్లు వదిలాక వచ్చే డాన్సు అక్కర్లేదు. ఆమె పోయినా ఆ ఇంట్లోకి ఇంకో భార్య వచ్చి అదే సింకు ముందు నిలబడింది చూశారూ, ఆ ముక్క చాలు.

ఇక ‘ద లంచ్‌బాక్స్’ (2013). క్యారేజీ చిరునామా తప్పి, ఒక ఇల్లాలి భర్తకి వెళ్ళాల్సిన భోజనం ఎవరో సాజన్‌కి చేరుతుంది. ఇర్ఫాన్ ఖాన్ ఒక్కో గిన్నె మూత తీసే తీరుని లోకమంతా మెచ్చుకుంది, నేను కాదనను. కానీ నా ఓటు దేశ్‌పాండే ఆంటీకి. ఆ ఇల్లాలి పై అంతస్తులో ఉంటుంది, ఒక్కసారి కూడా కనిపించదు. కిటికీలోంచి గొంతు వినిపిస్తుంది, తాడు కట్టిన బుట్టలో మిరపకాయలు కిందికి దిగుతాయి. ఆ గొంతు భారతీ అచ్రేకర్‌ది. కనిపించకుండా, వంట వాసన పట్టుకుని కింది ఇంటి కాపురం గురించి మాట్లాడుతుంది. రితేశ్ బత్రా ఆవిణ్ణి పెట్టి ఇంకో సినిమా తీస్తే బాగుణ్ణు. ఈసారి కెమెరా పై అంతస్తులోనే ఉండాలి.