పడిగె పలకాలంటే డోలు ఉండాలి

తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే దారిలో ఏన్కూరు దాటాక మిరప, పత్తి చేలు పలచబడి అడవి కనిపించడం మొదలవుతుంది. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు ఏన్కూరు ఖమ్మంలో ఉండిపోయింది, పక్కనున్న జూలూరుపాడు భద్రాద్రి కొత్తగూడెంలోకి వెళ్లింది. కళల విషయంలో ఇక్కడ అంతకన్నా పాత సరిహద్దు ఒకటుంది. ఖమ్మంలో కళ అంటే భక్త రామదాసు కళాక్షేత్రం గుర్తొస్తుంది: నాటకం, నాట్యం, సంగీతం, ముందు వరుసలో అతిథులు. అడవి వైపు కోయగూడేల్లో వేల్పు కొలుపు, అంటే వంశదేవత పూజ, జరిగే రోజు కళ వేరే పద్ధతిలో నడుస్తుంది. అక్కడ చూడటానికి వచ్చినవాళ్లే కథలోని వంశం వాళ్లు. పాడే మనిషి వాళ్ల పూర్వీకుల పేర్లు వాళ్లకే చెబుతాడు. ఆ కథకు ఆధారం ఒక గుడ్డ. దాని పేరు పడిగె.

పడిగె ఒక చివర వెడల్పుగా, రెండో చివర కోసుగా ఉండే పొడవాటి జెండా. కొన్ని చోట్ల డాలుగుడ్డ అంటారు. వెదురు గడకు కట్టి ఎత్తుతారు. దాని మీద బొమ్మలను కుంచెతో వేయరు. వేరే రంగు గుడ్డలోంచి ఆకారాన్ని కత్తిరించి, సూదీదారంతో అసలు గుడ్డ మీద కుడతారు. సూర్యుడు, చంద్రుడు, ఏనుగు, గుర్రం, పులి, నెమలి, చెట్టు, ఆయుధం పట్టిన వీరుడు వరసగా కనిపిస్తారు. కత్తెరతో పనిచేసే చేతికి సన్నగీత దొరకదు. కంటిరెప్ప, నగ మీది నకాషీ ఇందులో కుదరవు. తొండంతోనే ఏనుగు, కొమ్ములతోనే దున్న తెలిసిపోవాలి. ఇది గాలికి ఊగే జెండా, ఎక్కడో దూరంగా నిలబడ్డ ముసలమ్మ కంటికి కూడా ఆనాలి. ఆ అవసరాన్ని బట్టే దీని శైలి తయారైంది. దీన్ని మొరటు పని అనేవాళ్లు పడిగెను గోడకు తగిలించి, దగ్గర నుంచి చూసినవాళ్లు.

చేర్యాల నకాషీ పటంతో పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. చేర్యాల పటం అడ్డపట్టీలుగా సాగుతుంది. కథకుడు చుట్ట విప్పుతున్న కొద్దీ తర్వాతి ఘట్టం బయటపడుతుంది, కాబట్టి కథ వరస పటంలోనే ఉంటుంది. పడిగె ఎత్తితే కథంతా ఒక్కసారే కళ్లముందు నిలుస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ బొమ్మ మీద ఆగాలి, దేన్ని తడిమి వదిలేయాలి అన్నది గుడ్డ చెప్పదు, పాడేవాడు చెప్పాలి. రాజస్థాన్‌లో పాబూజీ ఫడ్ కూడా ఇలాంటిదే. ఆ పెద్ద పటం మీద బొమ్మలు కథ వరసలో ఉండవు. భోపా అనే కథకుడు రాత్రంతా పాడుతూ, దీపం వెలుగులో కావలసిన బొమ్మను వెతికి చూపిస్తాడు. ఇలాంటి పటాలకు జ్ఞాపకమే తాళంచెవి.

ఆ జ్ఞాపకాన్ని మోసేవాళ్లు డోలి కోయలు. ఆర్తి బిడ్డలనీ పిలుస్తారు. డోలు రెండు ముఖాల చర్మవాద్యం, బిగువు తగ్గితే నిప్పు సెగ చూపిస్తారు. పాటకు అది తాళం మాత్రమే కాదు. కథ ఒక తరం నుంచి మరో తరానికి దాటేటప్పుడు పాడేవాడికి ఊపిరి తీసుకునే జాగా ఇచ్చేది, వినేవాళ్లకు ఘట్టం మారిందని తెలిపేది డోలు దెబ్బే. పెద్ద కొలుపుల్లో తూతకొమ్ము, ఇత్తడి అక్కుం అనే ఊదే వాద్యాలు కూడా తోడవుతాయి. రాతలో లేని కథను గంటల తరబడి క్రమం తప్పకుండా చెప్పగలగడం వెనక ఈ ఏర్పాటు ఉంది: బొమ్మ పేరును గుర్తుచేస్తుంది, దెబ్బ నడకను పట్టి ఉంచుతుంది, గొంతు మిగతాది పూరిస్తుంది.

దీని విలువ అందం దగ్గర ఆగిపోదు. కోయలలో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ గట్టులున్నాయి. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ముల కింద లెక్క, వాళ్లలో పెళ్లి కుదరదు. ఏ ఇంటిపేరు ఏ గట్టుది, ఆ వంశం వేల్పు ఎవరు, ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చింది అన్నవి పడిగె కథలో ఉంటాయి. ఒక జాతికి వంశవృక్షం, పెళ్లి నియమం, పురాణం, ఊళ్ల పటం అన్నీ ఆ గుడ్డ మీదే ఉన్నాయంటే, దాన్ని హస్తకళల జాబితాలో చేర్చి ఊరుకోవడం అన్యాయం.

మేడారం సంగతి చూడండి. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరిగే ఆ జాతరలో సమ్మక్కను చిలుకలగుట్ట నుంచి, సారలమ్మను కన్నెపల్లి నుంచి గద్దెల మీదికి తీసుకొస్తారు. సమ్మక్క భర్త పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి వస్తాడు. పెనక వంశం వాళ్లు ఆయన్ను అడవి దారిన, కాలినడకన తీసుకొస్తారు. లక్షలాది మంది బంగారం పేరుతో బెల్లం సమర్పించి తిరిగిపోతారు. ఆ గద్దెల వెనక కథ మాత్రం డోలి కోయల గొంతులో బతికింది. కాకతీయుల గురించి మనం శాసనాల్లో, గుడిగోడల మీద చదువుకున్నాం. పన్ను కట్టలేని కరువులో ఆ రాజ్యం సైన్యాన్ని ఎదిరించి నేలకొరిగినవాళ్ల వైపు నుంచి అదే కాలాన్ని వినిపించేవి ఈ పాటలు. ఓడినవాళ్ల చరిత్ర ఇన్ని వందల ఏళ్లు నిలిచిందంటే, అందులో డోలుకు, గుడ్డకు, గొంతుకు సమాన వాటా ఉందని నా నమ్మకం.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ గొంతుల్లో ఒకరు. కోయ భాషలోనూ తెలుగులోనూ సమ్మక్క సారలమ్మల కథ, ఇతర కోయ వీరుల కథలు పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్ 23న కన్నుమూశారు. డోలి పేరు మొదటిసారి దేశమంతటికీ వినిపించి రెండేళ్లు గడిచాయో లేదో, ఆ పేరు వినిపించిన మనిషి వెళ్లిపోయారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు లాంటివాళ్లు ఊరూరా తిరిగి పాత పడిగెలను, వాద్యాలను సేకరించి ఉండకపోతే నష్టం ఇంకా పెద్దదయ్యేది.

బయటివాళ్లకు ఎక్కువగా తెలిసింది కొమ్ముకోయ నృత్యం. అడవిదున్న కొమ్ములకు నెమలి ఈకలు చేర్చిన తలకట్టుతో, మెడలో పెద్ద డోలు వేసుకుని మగవాళ్లు ఆడతారు. దున్నల్లా తలలు వంచి ఒకరినొకరు ఢీకొంటారు. ఆడవాళ్లు చేతులు పెనవేసుకుని రేల పాటతో వలయం తిరుగుతారు. ఎదురెదురు దున్నల పోరును అంత బరువు తల మీద మోస్తూ లయ తప్పకుండా చూపించడం చిన్న విద్య కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిదున్నను కాపాడుతోంది, అది ఉండవలసిన చట్టమే. దానితో తాతల నాటి కొమ్ములు విరిగితే కొత్తవి తెచ్చుకునే దారి లేదు. పట్నంలో సభ ప్రారంభానికి, మంత్రిగారి స్వాగతానికి ఈ బృందాలను పిలిచి పది నిమిషాల్లో దించేస్తారు. ఆ పది నిమిషాల కోసం ఆట కురచవుతోంది, పాట రాలిపోతోంది.

పడిగెకూ అదే గతి పట్టకూడదు. మేడారంలోనూ హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోనూ గిరిజన మ్యూజియాలున్నాయి, భద్రాచలంలోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లోనూ ఒకటి ఉంది. మంచిదే. కానీ గుడ్డ అద్దాల పెట్టెలోకి, డోలు వేదిక మీదికి, పాట ఫోన్ రికార్డింగులోకి విడివిడిగా చేరితే మూడూ మూగపోతాయి. 2014లో కూనవరం (రామచంద్రయ్య ఊరు కాదు, అదే పేరున్న మండలం), చింతూరు, వరరామచంద్రపురం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి, వాటిలో చాలా ఊళ్లు పోలవరం ముంపులో ఉన్నాయి. అలా వేల్పు ఒక రాష్ట్రంలో, వంశం మరో రాష్ట్రంలో, పాడే కుటుంబం ఇంకెక్కడో ఉండే ఇబ్బంది వచ్చిపడింది.

ముందు చేయాల్సిన పని నా దృష్టిలో ఇదీ. ఒక్కో పడిగెను దాని సొంత కొలుపులో, దాని సొంత డోలితో, ఏ బొమ్మ దగ్గర ఏ మాట వస్తుందో తెలిసేలా మొత్తంగా చిత్రీకరించాలి. ఆ ప్రతి ముందు ఆ వంశం చేతిలో ఉండాలి. డోలి కుటుంబాల పిల్లలు పెద్దల వెంట కొలుపులకు తిరిగి నేర్చుకునే కాలానికి ఐటీడీఏ ఉపకారవేతనం ఇవ్వాలి. పాడేవాళ్లతో పాటు పడిగె కుట్టే చేతులకూ అందులో వాటా ఉండాలి. పాత గుడ్డ చినిగితే కొత్తది ఎవరు కత్తిరించాలో, ఏ బొమ్మ ఎక్కడ కుట్టాలో ఇంకా తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకునే వయసు పిల్లలు కూడా అవే గూడేల్లో ఉన్నారు.