దీపము వెలిగినంతనే దోషము తేలదు

కారు డాష్‌బోర్డుపై పసుపుపచ్చని ఇంజిను దీపము వెలుగును. స్కానరు తగిలించినంతనే అది పి-0135 అను కోడును చూపును. కోడునకు అర్థము వెదకినచో ఆక్సిజన్ సెన్సారు పేరు కానవచ్చును. కావున ఆ సెన్సారును విప్పి క్రొత్తది బిగింపవలయునని నిశ్చయము జరిగిపోవును. మా విజయవాడ ఆటోనగరులోనే కాదు, స్కానరు చౌకయై చేతికందిన ప్రతి ఊరి షెడ్డులోను నేడు ఈ నాలుగడుగుల నడకయే మరమ్మతుగా చెల్లుబాటగుచున్నది. ఈ పనిలోనే బ్రతుకు గడుపుచున్నవాడను గనుక, ఆ మూడవ అడుగునకును నాలుగవ అడుగునకును నడుమ జరుగవలసిన పరీక్షను గూర్చి ఈ వారము కొంత నింపాదిగా ముచ్చటింపదలచితిని.

ఆ సెన్సారు చేయు పని సామాన్యమైనది కాదు. పొగగొట్టములోనికి పొడుచుకొనియున్న దాని కొనలో ప్లాటినము పూతగల జిర్కోనియా పింగాణి యుండును. ఆ పింగాణికి ఒక వైపున బయటి గాలియు, రెండవ వైపున ఇంజిను విడిచిన వేడి పొగయు తాకుచుండ, రెంటిలోని ఆక్సిజనుకు గల తారతమ్యమును బట్టి అది తనంత తానే స్వల్పమైన విద్యుత్తును పుట్టించును. పెట్రోలు మించి పొగలో ఆక్సిజను మిగులనప్పుడు ఆ విద్యుత్తు 0.9 వోల్టు దరికి ఎగయును. గాలి మించి ఆక్సిజను మిగిలినప్పుడు 0.1 వోల్టు దరికి దిగును. ఒక పాలు పెట్రోలునకు 14.7 పాళ్ల గాలి తూకమున కలిసిన సరియైన మిశ్రమము వద్ద ఈ మార్పు అకస్మాత్తుగా జరుగును గనుక, ఇంజిను కంప్యూటరు దానిని చూచుకొనుచు ఇంధనమును క్షణక్షణము హెచ్చించుచు తగ్గించుచు నుండును. 1920వ సంవత్సరపు నోబెల్ బహుమతి నందిన జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు వాల్టర్ నెర్న్‌స్ట్ కనుగొన్న సూత్రము దీనికి మూలము. బాష్ సంస్థ దానిని సెన్సారుగా మలచగా, 1976లో అమెరికాకు పోవు వోల్వో కార్లలో అది తొలిసారి రోడ్డెక్కినది.

ఐతే ఆ పింగాణి ఇంచుమించు 300 డిగ్రీల సెల్సియసు పైబడి కాగిననే గాని పలుకదు. చల్లని ఇంజిను పొగతో అది తనంత తాను కాగువరకు వేచియుండుట ఇటు పెట్రోలునకు, అటు ఊరి గాలికి నష్టము గనుక, 1980ల ఆరంభమునుండి దాని గర్భమున ఒక చిన్న హీటరును అమర్చుచు వచ్చిరి. నాలుగు తీగల సెన్సారులో రెండు తీగలు ఈ హీటరువే. పి-0135 చెప్పునది ఈ హీటరు సర్క్యూటును గూర్చియే. సర్క్యూటనగా హీటరు ఒక్కటియే కాదు, ఫ్యూజు మొదలు సప్లై తీగ, కనెక్టరు, ఎర్తును అందించు కంప్యూటరు వరకు అన్నియు అందులోనివే.

కోడును చూచినంతనే సెన్సారే చెడినదని ఊహించుటలోని ఇట్టి చిక్కును మన తార్కికులు ఏనాడో విప్పి చెప్పియున్నారు. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదివిన బాలురకు సైతము తెలిసిన ఉదాహరణ మొకటి కలదు. కొండమీద పొగ కనబడినచో నిప్పు కలదని ఊహించుట సరియే; కాని నిప్పున్నది గనుక పొగ యుండితీరునని ఊహించుట సరికాదు, ఎర్రగా కాలిన ఇనుపముద్దలో నిప్పుండియు పొగ లేదు గదా! నిప్పునుండి పొగ పుట్టవలెనన్న తడికట్టె తోడు కావలయును. ఇట్లు ఊహకు వెనుక కనబడక నిలిచియుండు షరతును వారు ఉపాధి యనిరి. దానిని గుర్తింపక చేసిన అనుమానమును హేత్వాభాసమని త్రోసిపుచ్చిరి. వోల్టేజి తగ్గినది, కావున పెట్రోలు తక్కువైనదని మేము చేయు అనుమానమునకు వెనుక ఇట్టి షరతులు మూడు కలవు: సెన్సారు కాగియుండవలయును, పొగలో బయటి గాలి కలియరాదు, ప్రతి సిలిండరును సరిగా మండుచుండవలయును. సెన్సారు పరీక్షలో తొలి మెట్టు ఈ షరతులను ఒక్కొక్కటిగా నిర్ధారించుకొనుటయే.

ఇటీవల ఒక యువకుడు తన చిన్న పెట్రోలు కారును తెచ్చి, వేరొక షెడ్డులో అప్పటికే సెన్సారు మార్చిరనియు, ఐనను దీపము మరల వెలిగినదనియు చెప్పి, "మేస్త్రి గారూ, ఈసారి కంపెనీ సెన్సారే వేసేయండి, ఖర్చయినా పర్వాలేదు, లైటు ఆరిపోతే చాలు" అనెను. "ముందు చూడనీ బాబూ, వేయడానికేముంది" అని స్కానరు పెట్టగా పి-0135తో బాటు వెనుక సెన్సారు హీటరుకు చెందిన పి-0141 కూడ కనబడెను. ముందరి సెన్సారు హీటరును, వెనుక సెన్సారు హీటరును ఒక్కసారే చెడుట అరుదు; కావున రెంటికిని ఉమ్మడియైన దానినే వెదకవలయునని తోచినది. ముందరి కనెక్టరు విప్పి, సెన్సారు వైపు రెండు తెల్లని తీగల నడుమ మీటరు పెట్టగా కొద్ది ఓముల నిరోధము చూపెను. అనగా హీటరు తెగలేదు. ఇగ్నిషను వేసి వైరింగు వైపు చూడగా సప్లై లేదు, ఫ్యూజు కాలియుండెను. ఎందుకు కాలినదో తెలియక క్రొత్త ఫ్యూజు వేయుట మరమ్మతు కాదు గనుక తీగ వెంబడి చేతితో తడుముచు పోగా, గేరుబాక్సు పైన దానిని పట్టియుంచవలసిన క్లిప్పు లేనిచోట అది జారి, పొగగొట్టపు రేకునకు ఆని, తొడుగు కరగి, లోపలి రాగి నల్లబడి ఇనుమును తాకుచుండెను. మునుపు క్లచ్ పని చేసినవారు తీగను మరల క్లిప్పున బిగింపక విడిచియుందురు. తీగను బాగుచేసి, వేడికి తాళు స్లీవు తొడిగి, క్లిప్పు పెట్టి, ఫ్యూజు మార్చగా రెండు హీటర్లును పనిచేసినవి.

మీటరు 12 వోల్టులు చూపినంత మాత్రమున సప్లై సరిగా నున్నట్లు కాదని కూడ మా కుర్రవాండ్రకు తరచు చెప్పుచుందును. మీటరు లాగుకొను కరెంటు అత్యల్పము గనుక, తుప్పుపట్టి ఒకటి రెండు పోగులు మాత్రమే మిగిలిన తీగలోనైనను అది నిండు వోల్టేజినే చూపును. ఆ సప్లై తీగకును బాడీ ఎర్తునకును నడుమ ఒక టెస్టు బల్బు తగిలించినచో, బల్బు మసకగా వెలిగి అసలు సంగతిని బయటపెట్టును.

మిగిలిన రెండు షరతులు ఇంకను సూక్ష్మములు. మ్యానిఫోల్డు గ్యాస్కెట్టు వద్ద సన్నని సందున్నచో పొగ బయటికి పోవుటయే కాదు, పొగ విసురునకును విసురునకును నడుమ గొట్టములో ఒత్తిడి పడిపోయిన క్షణమున బయటి గాలి లోనికి చొరబడును. ఆ ఆక్సిజనును చూచి సెన్సారు పెట్రోలు తక్కువని తెలుపును. కంప్యూటరు నమ్మి పెట్రోలు పెంచును. స్కానరు పెట్రోలు తక్కువను సూచించు పి-0171 కోడును చూపును. బండి పెట్రోలు త్రాగేస్తోందని యజమాని మొరపెట్టును. ఇందు సెన్సారు చెప్పినది అబద్ధము కాదు, ఆక్సిజను అక్కడ ఉన్న మాట నిజమే. అబద్ధమైనది మా అనుమానము. గ్యాస్కెట్టు అంచున మసి చారను చూచిన కన్నే ఆ అనుమానమును సరిదిద్దగలదు. ప్లగ్గు చెడి మిస్సింగు వచ్చినను ఇట్లే జరుగును: పెట్రోలు మండకయే బయటికి పోవుచున్నను దానితో బాటు వాడబడని ఆక్సిజను కూడ పోవును, సెన్సారు ఎరుగునది ఆక్సిజనునే గాని పెట్రోలును కాదు గనుక తక్కువ యనియే పలుకును.

ఈ మూడును తీరిన పిమ్మట సెన్సారునే పరీక్షింపవచ్చును. వేడెక్కిన ఇంజినులో ఎక్సలేటరును చటుక్కున త్రొక్కిన వోల్టేజి 0.8 దాటవలయును, వాక్యూము గొట్టమొకటి ఊడదీసిన వెంటనే 0.2 దరికి దిగవలయును. మందకొడిగా కదలినను, ఒకేచోట నిలిచిపోయినను దానిని మార్పవచ్చును. క్రొత్త కార్లలోని వైడ్‌బ్యాండు సెన్సార్లకు ఈ అంకెలు వర్తింపవు గాని పద్ధతి వర్తించును. మార్చుటకు ముందు అది ఏల చెడినదో విచారింపవలయును: సిలికాను పేస్టు ఆవిరియో, సిలిండరులో మండుచున్న ఇంజినాయిలో, లోనికి దిగుచున్న కూలెంటో దాని కొనను కప్పియుండును. 2000 ఫిబ్రవరినుండి దేశమంతట సీసపు పెట్రోలు నిలిచిపోవుటతో ఒక విషము తొలగినది గాని ఇవి తొలగలేదు. కారణము మిగిలియుండగా బిగించిన క్రొత్త సెన్సారును అదే దారి పట్టును.

2020 ఏప్రిలులో బీఎస్-6 కాలుష్య ప్రమాణములు వచ్చిన పిదప కార్లలో సెన్సార్ల పాత్ర మరింత పెరిగినది. మనుష్యులు పీల్చు గాలి శుభ్రముగా నుండవలయునన్నదే ఇన్ని ఏర్పాట్లకు మూలమైన ఉద్దేశము. కోడును చెరిపి దీపమును ఆర్పి పంపుట ఆ ఉద్దేశమునకు ద్రోహము. పరీక్షింపక సెన్సారు మార్చి పంపుట కస్టమరునకు ద్రోహము. ఈ వృత్తిలోనికి వచ్చు ప్రతి కుర్రవానిని నేను కోరునది ఒక్కటే: కోడు కనబడినంతనే దాని వెనుకనున్న షరతులను ఒక కాగితముమీద వ్రాసికొని, ఒక్కొక్క దానిని కొట్టివేయుచు రావలయును. సెన్సారు ఖరీదు చెల్లించువాడు కస్టమరు. పాడైనదని పరీక్షించి అతనికి చూపగలిగిననాడే ఆ డబ్బు పుచ్చుకొను హక్కు మనకు కలుగును.