నైసు గుమ్మటములు – ఒక పద విమర్శ

ఖండములు ఢీకొన్నచోట నేల ముడుతలు పడి పర్వతము లేచునని మన పాఠములు చెప్పును. భవాని పేట్ పిల్లలకు ముడుత యనగానే మగ్గము దిగిన బట్ట తోచును. పోలిక సులభమే గాని సగమే సత్యము. బట్టను ఎన్ని మడతలు పెట్టినను చల్లగనే యుండును. భూపటల మట్లుగాదు.

ఖండము లొత్తుకొన్నప్పుడు పటలము ఇంచుమించు రెట్టింపు మందమగును. టిబెట్టు క్రింద 70 కిలోమీటర్ల వరకు నున్నది. ఆ లోతున చిక్కిన శిల, తనలోని యురేనియము, థోరియము, పొటాసియముల క్షయమువలన పుట్టు వేడిమిచే, కోట్ల సంవత్సరములకు కాగి కొంత కరగును. కరగినది తేలిక, మెత్తన. కోతవలనగాని సాగుటవలనగాని పైబరువు తగ్గినచోట, చారల నైసుగా మారిన ఆ శిల పై పొరలను వంచి, దుప్పటివలె కప్పుకొని మెల్లగా లేచును. ఫిన్లండు శాస్త్రజ్ఞుడు పెంటి ఎస్కోలా 1949లో వీనిని కప్పుగల గుమ్మటములుగా వర్ణించెను.

గుమ్మటమను మాటయే నాకు అభ్యంతరము. మా పిల్లలు బిజాపూరు గోల్ గుంబజ్ చూచినవారు. ఈ రాతి గుమ్మటము లోపల కూడ ఖాళీయేనా యని యొకడడిగెను. తప్పు వానిది కాదు. కాగు పాలపై మీగడ యుబ్బుట మేలైన ఉపమానము. అదియు పూర్తిగా కుదరదు; పాలను లేపునది ఆవిరి, శిలను లేపునది బరువుల తేడా. అయినను పొంగు అనుటలో వేడిమియు కదలికయు నున్నవి.

మానససరోవరమునకు దక్షిణమున 7,694 మీటర్ల మాంధాత పర్వతము ఇట్టి పొంగే. భూమి లెక్కలో నిన్నమొన్నటిది. కోలారు, హట్టి బంగారు పట్టీల చెంతనున్న నైసులో, 250 కోట్ల యేండ్లు పైబడినవి. వానిని లేపినది సంఘట్టనమే యనువారు కలరు. బరువైన నల్లరాయి దిగబడగా నైసు ప్రక్కనుండి లేచెననువారును కలరు. ఆనాటి భూగర్భము నేటికన్న వేడి. కావున హిమాలయమును చూచి దక్కనును చదువుట తొందరపాటని నా తలంపు.

మన కాళ్లక్రిందను నైసే యున్నది. సోలాపూరు నల్లరాయి 6.6 కోట్ల యేండ్లనాటి లావా. 1993 భూకంపము తరువాత కిల్లారిలో 617 మీటర్లు తొలువగా, 338 మీటర్ల నల్లరాయియు, 8 మీటర్ల అవక్షేపమును దాటినపిదప నైసు తగిలెను. మన పెద్దలు విడిచివచ్చిన తెలంగాణపు గుట్టలలో బయటికి కనబడునదియు ఆ కుటుంబపు రాయియే.

తరువాతి యేట తరగతిలో పొంగనియే చెప్పితిని. ఖాళీయా యని ఎవరు నడుగలేదు. క్రింద మంట పెట్టిన దెవరని అడిగిరి.