ఉప్పు విరగని పేజీ

పుస్తకంలో మొదటి తప్పు ఉప్పు దగ్గరే దొర్లింది. ఫోన్‌లో ఏదో డిజైన్ యాప్ దించుకుని, అందులో తయారుగా ఉన్న పూలతీగల పేజీలో సంగటి చేసే విధానం అతికించాను. ‘ఉప్పు’ అని ఉండాల్సిన చోట ‘ఉప్‌పు’ అని పడింది. రొట్టె ‘రొట్‌టె’ అయింది, కొబ్బరి ‘కొబ్‌బరి’ అయింది. ఒత్తులన్నీ కిందికి దిగకుండా పక్కన నిలబడ్డాయి. మా అత్త కళ్లజోడు సర్దుకుని చూసి, “ఏమ్మే, ఇది తెలుగేనా?” అనింది.

నా పుట్టిల్లు కర్నూలు, మెట్టినిల్లు కడప. రెండిళ్ల వంటలూ కలిపి చిన్న పుస్తకం వేయించి, బెంగళూరుకూ డల్లాస్‌కూ పోయిన పిల్లలకు తలా ఒకటి ఇవ్వాలని ఆశ. రాయడానికి మూడు నెలలు పట్టింది. ఏ సాఫ్ట్‌వేర్‌లో పేజీలు కట్టాలో తేల్చుకోవడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. తప్పు నాదే. ముందు అందం చూశాను, అక్షరం చూడలేదు.

అక్షరం సంగతి ఇదీ. కంప్యూటరుకు ‘ప్ప’ ఒక అక్షరం కాదు. ప, పొల్లు, మళ్లీ ప, మొత్తం మూడు గుర్తులు. ఆ మూడింటినీ చూసి, ఫాంటును అడిగి, రెండో ‘ప’ను ఒత్తుగా మార్చి కింద కూర్చోబెట్టే పని సాఫ్ట్‌వేర్‌ది. ఇంగ్లీషును మాత్రమే మనసులో పెట్టుకుని చేసిన వాటికి ఆ పని రాదు. వచ్చిన గుర్తును వచ్చినట్టు వరసలో నిలబెడతాయి. కాబట్టి ఏది ఎన్నుకున్నా ముందు అందులో నాలుగు మాటలు కొట్టి చూడండి: ఉప్పు, ఉగ్గాని, బజ్జీ, కజ్జికాయ. నాలుగూ బతికి బయటపడితే మిగతా మాటలు తర్వాత.

యాప్‌తో విసిగి కర్నూలులో ఒక డీటీపీ అంగడికి పోయాను. మన దగ్గర పెళ్లిపత్రికలూ కరపత్రాలూ ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతోనే తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ కుర్రవాడి వేళ్లు చూస్తే ముచ్చటేసింది, నేను చదివేలోపే కొట్టేస్తున్నాడు. నా పెన్‌డ్రైవ్ తెరిచి, “అక్కా, ఇది యూనికోడు. మా దాంట్లో మళ్లీ కొట్టాల్సిందే” అన్నాడు. అను పద్ధతిలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కాపురం ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే సంగటి కాస్తా అర్థంలేని ఇంగ్లీషు ముక్కలైపోతుంది. ఇటునుంచి అటు మార్చే పనిముట్లు ఉన్నాయి గానీ, మార్చాక ప్రతి పేజీ మళ్లీ కూర్చుని దిద్దుకోవాల్సిందే. అచ్చులో మాత్రం ఆ అక్షరాలు చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. నన్ను వెనక్కి లాగింది వేరే సంగతి. ఒక్క కొలత మార్చాలన్నా మళ్లీ బస్సెక్కి అంగడికి పోవాలి.

మా ఇంట్లో కొలతలు మారుతూనే ఉంటాయి మరి. “నీళ్లెన్ని పోయాలత్తా?” అంటే, “పిండి తాగినన్ని” అంటుంది. పట్టుబట్టి గ్లాసుతో కొలిపించి రాసుకుంటే, వారం తర్వాత అది చదివి, “నువ్వు రాసింది సంగటి గాదమ్మే, జావ” అంటుంది. ఇంతకీ ఆమె గ్లాసంటే ఇత్తడిది, నేను కొలిచింది స్టీలుది. కర్నూలులో మా అమ్మ లెక్క వేరు. మా చిన్నమ్మ ఊరుబిండి లెక్క ఇంకా వేరు, అది రోటికి తప్ప ఎవరికీ తెలియదు.

ఈ తగువులో ఉన్నప్పుడే ఒకరోజు ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం ముందునుంచి పోతూ ఆగాను. సి.పి.బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. తర్వాత ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి పాఠం తేల్పించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఈ గ్రంథాలయం. మూడు ప్రతులు, మూడు పాఠాలు, ఏది సరి? మా వంటింట్లో నడుస్తున్నదీ అదే కదా అనిపించింది. నాకు కావలసింది పేజీని అలంకరించే సాఫ్ట్‌వేర్ కాదు, పాఠాన్ని చివరి రోజు వరకూ దిద్దుకోనిచ్చేది.

అప్పటినుంచి వెతుకులాట తేలికైంది. ఇన్‌డిజైన్ గొప్పది, సందేహం లేదు. 2012లో వచ్చిన సీఎస్6 నుంచి అది భారతీయ లిపులను సరిగా కూర్చుతోంది, పేరా సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవడం మరవకపోతే చాలు. కానీ దానికి చందా కట్టాలి, కూర్చుని నేర్చుకోవాలి. నలుగురి వంటకు పెళ్లి గుండిగ దించినట్టు. స్క్రైబస్ ఉచితం. పాత 1.4 వెర్షన్లలో మన ఒత్తులు విరుగుతాయి; 2024 జనవరి 1న వచ్చిన 1.6లో కుదురుకున్నాయి. బొమ్మలు ఎక్కువుంటే అదే మంచిది. కాన్వా అట్టకు బాగుంటుంది, నేను అట్ట అందులోనే చేసుకున్నాను. లోపలి పేజీలకు దాన్ని నమ్ముకుంటే ఒక వంట పొడుగైనప్పుడల్లా వెనకున్న పేజీలన్నీ చేత్తో జరుపుకోవాలి.

చివరికి నేను కూర్చున్నది లిబ్రాఫీస్ రైటర్ ముందు. ఉచితం. చూడ్డానికి సాదాసీదా ఉత్తరం రాసుకునే సాఫ్ట్‌వేర్. అందులో స్టైల్స్ అని ఒకటుంది, నన్ను గట్టెక్కించింది అదే. నాలుగు మూసలు చేసి పేర్లు పెట్టుకున్నాను: వంట పేరు, దినుసులు, విధానం, అత్త మాట. ‘అత్త మాట’ రంగు ఒకచోట మారిస్తే 64 పేజీల్లోనూ మారుతుంది. ఒక వంటకు నాలుగు లైన్లు పెరిగితే మిగతావి వాటంతటవే జరుగుతాయి, విషయసూచిక ఒక నొక్కుతో సరిపోతుంది. ఎవరు ఏం దిద్దారో రంగుల్లో చూపించే ఏర్పాటూ ఉంది. అమ్మ దిద్దుబాటు ఒక రంగు, అత్త దిద్దుబాటు ఒక రంగు. చూస్తే బ్రౌన్ పండితులు నవ్వుకునేవారేమో.

అక్షరాలకు సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన ఫాంట్లు తీసుకున్నాను. లోపలికి మండలి, వంట పేర్లకు పెద్దన. అల్లసాని పెద్దన అగ్రహారం కోకటం మా కడప జిల్లాదే, ఆ పక్షపాతం కొంత ఉంది, దాచను. సైజు 14. ఇది ఒళ్లో పెట్టుకుని చదివే పుస్తకం కాదు, పొయ్యి పక్కన రెండడుగుల దూరం నుంచి చదివేది.

పేజీలు 64 ఎందుకంటే, ప్రెస్సులో 16 పేజీలు ఒక ఫారం. నాలుగు ఫారాలకు సరిపోతే ఖాళీ కాగితం మిగలదు. ఫోటోలు తక్కువ పెట్టాను. ఫోన్‌లో భగ్గుమనే కారం దోసె ఎరుపు కాగితం మీదికి వచ్చేసరికి కాస్త చల్లబడుతుంది. తెర వెలుగుతో రంగులు చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు సిరాలు కలిపి చూపిస్తుంది. ఒక పేజీ రంగుల్లో ప్రింటు తీయించి చూసుకున్నాకే మిగతా ఫోటోలు పెట్టండి. ప్రెస్సుకు మాత్రం పీడీఎఫే ఇవ్వండి, ఫాంట్లు అందులోనే ఇమిడి పోతాయి.

తెలుగిళ్లలో వంట పుస్తకమంటే ముందు మాలతీ చందూర్ పేరే చెబుతారు. అలాగే వి.వి.గిరి పెద్ద కూతురి వంటలను ‘కుకింగ్ ఎట్ హోమ్ విత్ పెదత్త’ అని జిగ్యాస గిరి, ప్రతిభా జైన్ పుస్తకంగా తెస్తే గోర్మాండ్ అవార్డు వచ్చింది. ఒకే ఒక్క పెద్దావిడ వంటిల్లు అది. మాది అంత దూరం పోదు, యాభై కాపీలు. ఇంత తక్కువకు ఆఫ్‌సెట్ ప్లేట్లు చేయించడం దండగ, డిజిటల్ ప్రింటు చాలు.

ఇప్పుడు మూడో ప్రూఫు నడుస్తోంది. ఒక తగువు మిగిలింది. పూర్ణం పెట్టి ఒత్తే ఆ తీపి రొట్టె అమ్మకు భక్షాలు, అత్తకు ఓళిగలు. ఇద్దరూ తగ్గరు. సూచికలో ‘ఓ’ దగ్గర ఒకటి, ‘భ’ దగ్గర ఒకటి వేశాను, రెండింటికీ పేజీ 41. మీ ఇంట్లో దానికి మూడో పేరుంటే ఈ నెలాఖరులోగా రాసి పంపండి. ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది.