ఇంటి సర్వరుకు తాళము: సాంబా గుణదోషములు

హసన్‌పర్తిలో ఒక ఉపాధ్యాయుని యింటిని ఊహింపుడు. పాత కంప్యూటరు నొకదానిని లినక్సుతో సర్వరుగా మార్చి గది మూల నుంచినారు. అందులో కుటుంబపు ఫొటోలు, పిల్లల పాఠములు, పదవ తరగతి మార్కుల పట్టికలు కలవు. ఫొటోలను ఇంటిల్లిపాదియు చూడవచ్చును. మార్కుల పట్టికలను ఉపాధ్యాయుడు తప్ప ఇతరులు తెరువరాదు. ఈ పనికి విరివిగా వాడబడుచున్న సాఫ్టువేరు సాంబా. అది ఎంతవరకు నమ్మదగినది?

నెట్‌వర్కుపై ఫైళ్లను పంచుకొనుటకు ఎస్‌ఎంబి అను నియమావళి 1980 తరువాతి తొలి సంవత్సరములలో ఐబిఎం సంస్థలో పుట్టినది. మైక్రోసాఫ్ట్ దానిని పెంచి విండోసులో స్థిరపరచినది. కాన్‌బెరాలో విద్యార్థిగా నుండిన ఆండ్రూ ట్రిడ్జెల్, యంత్రముల మధ్య పోవు సందేశములను పరిశీలించి, 1992 ప్రాంతమున అదే భాష మాట్లాడు సర్వరును వ్రాసెను. నిఘంటువులో ఎస్, ఎం, బి అక్షరములు వరుసగా గల పదమును వెదకగా ‘సాంబా’ దొరికినదట. ఇది ఉచితము; దీని మూలమును ఎవరైనను చదివి పరీక్షింపవచ్చును. ఇది మొదటి గుణము.

రెండవ గుణము పాస్‌వర్డును సరిచూచు పద్ధతి. పాస్‌వర్డు తీగపై ఉన్నదున్నట్లుగా ప్రయాణింపదు. సర్వరు ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపును. వాడుకరి యంత్రము పాస్‌వర్డు నుండి పుట్టిన రహస్యముతో లెక్క చేసి జవాబు పంపును. సర్వరు తానును ఆ లెక్కనే చేసి రెండింటిని పోల్చును.

ఇక దోషములు. సాంబాలో వాడుకరికి లినక్సు ఖాతా ఉండవలెను. సాంబా పాస్‌వర్డును వేరుగా నమోదు చేయవలెను. లినక్సు పాస్‌వర్డు మార్చినంత మాత్రమున సాంబాది మారదు. పైగా ఫోల్డరుపై సాంబా అనుమతియు, లినక్సు అనుమతియు రెండును కలిసినగాని తలుపు తెరచుకొనదు. డెబియన్, ఉబుంటులతో వచ్చు అమరికలో తెలియని పేరుతో వచ్చినవాడు అతిథిగా లెక్కింపబడును. కావున పేరులో ఒక అక్షరము తప్పినను ‘పేరు తప్పు’ అని గాక ‘అనుమతి లేదు’ అని జవాబు రావచ్చును. విసిగినవాడు ఫోల్డరుకు 777 అనుమతి నిచ్చి, అతిథులను రానిచ్చి, పని జరిగినదని సంతోషించును. నిజమునకు తాళము ఊడదీసినాడు! స్పష్టముగా చెప్పని యంత్రమే మనిషిని ఈ తప్పునకు పురికొల్పుచున్నది.

వేరొక భ్రమయు కలదు. పాస్‌వర్డు అడిగినంతనే ఫైలు రహస్యముగా ప్రయాణించునని పలువురు తలతురు. అది నిజము కాదు. 2012లో వచ్చిన మూడవ ఎస్‌ఎంబి నుండి గుప్తీకరణ సాధ్యమైనది. కాని దానిని తప్పనిసరి చేయుమని అమరికలో వేరుగా వ్రాయవలెను.

2017 మే నెల రెండు పాఠములు నేర్పినది. విండోసులోని పాత ఎస్‌ఎంబి లోపము ద్వారా వనాక్రై వైరసు సుమారు 150 దేశములకు ప్రాకినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లును దాని బారిన పడినవి. అది పాస్‌వర్డు అడుగు తలుపువద్దకు రానేలేదు. గోడలోని పగులునుండి దూరినది. దానిని పూడ్చు సవరణను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చియుండెను. అదే మే నెలలో సాంబాలోను ఒక లోపము బయటపడినది. అయితే దానిని వాడుకొనుటకు ఫోల్డరులో వ్రాయు అనుమతి కావలెను. అతిథులకు వ్రాత అనుమతి నిచ్చిన ఇండ్లకే ఎక్కువ ముప్పు. పాస్‌వర్డు పెట్టిన ఇంటికి కొంత రక్ష.

కావున తీర్పు ఇది: సాంబా మంచి పనిముట్టు, కాని మాటకారి కాదు. మనిషికొక ఖాతా, పిల్లలకు చదువు అనుమతి మాత్రమే, ఎప్పటికప్పుడు సవరణలు, వేరొక డిస్కుపై నకలు ఉండవలెను. రౌటరులో 445వ ద్వారమును ఇంటర్నెట్టుకు తెరువరాదు. తాళము వేయుట తెలిసినవాడు గోడను కూడ చూచుకొనవలెను.