పూతలోని స్వయంవరం

మాఘమాసపు తెల్లవారుజాము. మంచు ఇంకా విడలేదు. మామిడితోట గట్టు మీద కాలు మోపానో లేదో, చెట్లు కనబడకముందే వాటి ఊపిరి తగిలింది. తేనెలో తడిసినట్టు, తడిలో తియ్యగా పులిసినట్టు, మత్తుగా, మందంగా, మంద్రంగా ఒక పరిమళం. నాలుగడుగులు వేసేసరికి కొమ్మలన్నీ కనకాంబరం కట్టుకుని కనిపించాయి. ఆకు కనబడనంత పూత. ఆకాశం ఆగినంత పూత. తుమ్మెదల మాట, తేనెటీగల పాట, చిన్న చిన్న ఈగల చిరుమోత కలిసి చెట్టంతా తంబురలా మోగుతోంది. ఆ మోతలో, ఆ మంచులో, ఆ మత్తులో నీ అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గి నిలబడ్డాను తల్లీ. అందరూ పూతను చూస్తారు. పూతలో కూర్చుని ఏరుకుంటున్న నిన్ను చూడాలని వచ్చాను.

చదువుకున్నవాళ్లు నిన్ను ప్రకృతి వరణం అంటారు. 1859లో డార్విన్ తన పుస్తకంలో నిన్ను లోకానికి చూపించిన నాటి నుంచి, నీ పేరు చెబితే చాలు, అందరికీ పులి పంజా గుర్తొస్తుంది, జింక పరుగు గుర్తొస్తుంది, నెత్తురు గుర్తొస్తుంది. కానీ మన భాష నీకు ఎంత మెత్తని పేరు పెట్టింది! వరణం అంటే కోరుకోవడం. వరణం అంటే వరించడం. స్వయంవరంలో పూలమాల పట్టుకుని, ఒక్కొక్కరినీ దాటుకుంటూ, ఒక్కరి ముందు ఆగే ఆ రాకుమార్తె చేసేది వరణమే. నువ్వు గోరుతో చీల్చే దానివే కాదమ్మా, పూలమాలతో ఎంచుకునే దానివి కూడా. నీ తొలి కొలువు అడవిలో కాదు, పువ్వులో.

ఆ పువ్వు ఎంతని! అరచేతిలో పెట్టుకుంటే గాలికే ఎగిరిపోయేంత. వెడల్పు 6 నుంచి 8 మిల్లీమీటర్లు. ఐదు రేకులు, మీగడ తెలుపు. రేకు నడుమ పసుపు గీతలు. పువ్వుకు వయసు పైబడేకొద్దీ ఆ గీతల్లోకి గులాబీ జీర పాకుతుంది. చాలా పూలలో నిజంగా పుప్పొడి ఇచ్చే కేసరం ఒక్కటే. మిగతావి పేరుకు పక్కన నిలబడ్డ చెలికత్తెలు. ఒక్కో పూగుత్తిలో వందల నుంచి వేల దాకా పూలు. వాటిలో కొన్ని మగపూలు, పుప్పొడి పంచి పడిపోవడానికే పుట్టినవి. కొన్ని సంపూర్ణ పుష్పాలు, గర్భంలో ఒకే ఒక్క అండాన్ని దాచుకున్నవి. ఒక పువ్వుకు ఒక్క అండం. ఒక అండానికి ఒక్క వరుడు. నీ మండపం ఎంత చిన్నదో, నీ నియమం అంత గట్టిది.

ఈగ కాలికి అంటుకుని వచ్చిన నాలుగు పుప్పొడి రేణువులు కీలాగ్రం మీద దిగుతాయి. తడి తగిలి ఉబ్బుతాయి. ఒక్కో రేణువు నుంచి ఒక్కో నాళం, దారప్పోగు కన్నా సన్నగా, చీకట్లోకి దారి తవ్వుకుంటూ బయలుదేరుతుంది. వడ్లగింజలో సగం పొడవు కూడా లేని ఆ కీలం వాటికి కాశీయాత్ర. ఎవరు ముందు? ఎవరు వెనుక? చలికి వణికి ఆగేదెవరు? తల్లి కణజాలం పెట్టే పరీక్షలో తడబడేదెవరు? దివిటీలు లేవు, దుందుభులు లేవు, విల్లు విరిగిన చప్పుడు లేదు. ఒక్కటే గమ్యం, ఒక్కటే చేరడం. 1979లో డేవిడ్ మల్కాహీ అనే శాస్త్రజ్ఞుడు ఈ పరుగునే పట్టుకుని ఒక మాట అన్నాడు: పూచే మొక్కలు నేలంతా అల్లుకుపోవడానికి పుప్పొడి నాళాల ఈ పోటీ కూడా ఒక కారణం కావచ్చునని. మొలకెత్తక ముందే, బీజం కట్టక ముందే, ఒక బతుకు తన తొలి పరీక్ష రాసేస్తుందన్నమాట. తల్లీ, నీ ఓర్పుకు నమస్కారం. కొండల్ని కొలిచే చేత్తోనే నువ్వు పుప్పొడిని తూస్తావు.

ఉత్తరాది మామిళ్లలో దశేరి ఉంది, లంగ్డా ఉంది, చౌసా ఉంది. తమ పుప్పొడి తమకే వచ్చి తగిలితే అవి దాదాపు కాయ పట్టవు. పక్కన మరో రకం చెట్టు ఉండాలి, దాని గాలి తగలాలి, దాని ఈగ రావాలి. గడపలోని వాడికి కాదు, ఊరి పొలిమేర దాటి వచ్చినవాడికే వరమాల. అయినవాళ్లలో మనువు వద్దని మనుషుల కన్నా ముందు చెట్టుకు చెప్పింది నువ్వే.

పూత పిందె కట్టింది. ఆవగింజంత పిందె, బఠాణీగింజంత పిందె, గోలీకాయంత పిందె. తోట నవ్వింది, తోట యజమాని నవ్వాడు. అప్పుడు మొదలైంది నీ రెండో ఏరివేత. పొద్దున లేచి చూస్తే చెట్టు కింద పచ్చని పూసలు తెగిన దండలా పరుచుకున్నాయి. తేనెమంచు పురుగు పీల్చినవి కొన్ని, బూడిద తెగులు తగిలినవి కొన్ని. కానీ ఏ తెగులూ లేని, ఏ పురుగూ ముట్టని, ముద్దొచ్చే పిందెలు కూడా రాలాయే! ఒకటి తీసి తొడిమ చివర చూశాను. చిరిగిన గుర్తు లేదు, విరిగిన గుర్తు లేదు. నున్నగా, గుండ్రంగా, ఉత్తరం మీద లక్కముద్ర వేసినట్టు ఉంది. గాలి తెంపింది కాదు, చెట్టే సాగనంపింది. లోపలి గింజ బలంగా ఎదుగుతుంటే ఆక్సిన్ అనే రసం తొడిమ మీదుగా తల్లి వైపు పారుతూనే ఉంటుందట. నేనున్నానమ్మా, నేనున్నానమ్మా అని ఆగని పిలుపు అది. పిలుపు సన్నగిల్లితే తొడిమ దగ్గర ఒక పలుచని పొర లేస్తుంది, పట్టు సడలుతుంది. 1000 పూలలో ఒక్కటి పండుదాకా నిలిస్తే అదే గొప్ప కాపు. ఎన్ని పిలుపులు విన్నావో, ఎన్ని పిలుపులు ఆగిపోవడం విన్నావో!

నిన్ను పొగుడుతూ నీ కాఠిన్యాన్ని దాచిపెట్టను. కానుగకాయ విప్పితే ఒక్కటే గింజ. మొదట ఆ పొట్టలో అండాలు రెండు. నేరేడుపండు నోట్లో వేసుకుంటే తగిలేది ఒక్క విత్తనం. పువ్వుగా ఉన్నప్పుడు దాని కడుపులో ఎన్నో అండాలు. సిస్సూ చెట్టు కాయ మరీ ఘోరం. నాలుగైదు అండాలతో మొదలైన ఆ పలుచని కాయలో, సాధారణంగా కీలాగ్రం వైపు ఉన్న గింజ ముందు ఎదిగి, తోబుట్టువుల్ని ఎదగనివ్వదని బెంగళూరులో గణేశయ్య, ఉమాశంకర్ అనే శాస్త్రజ్ఞులు 1988లో రాశారు. ఒక్క గింజే మిగిలిన కాయ తేలికై, గాలినెక్కి, దూరం పోతుంది. ఒక ప్రయాణం కోసం ఇన్ని ఊయలలు ఖాళీ! ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీకు చేతులు జోడించాలో, నిన్ను నిలదీయాలో తెలియలేదు. తెల్లవారి సిస్సూ చెట్టు కిందికే వెళ్లాను. గాలి వీచింది. గోధుమరంగు కాయలు గిరగిరా తిరుగుతూ, గోడ దాటి, బాట దాటి వెళ్లిపోయాయి. వాటి పరుగులో అపరాధం లేదు, గర్వం లేదు. ప్రశ్న నాలోనే ఉండిపోయింది. చేతులు మాత్రం వాటంతటవే జోడుకున్నాయి.

ఎందుకంటే నువ్వు ఏరేది ఉన్నదాన్నే మళ్లీ పుట్టించడానికి కాదు. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రాదు. ఆ టెంకలో ఉన్నది తల్లి నీడ కాదు, ఇంతకు ముందు ఈ నేల మీద లేని కొత్త ప్రాణి. అందుకే మనం నచ్చిన రుచిని అంటుకట్టి ఆపుకుంటాం. కొమ్మ నుంచి కొమ్మకు, తోట నుంచి తోటకు అదే తీపిని మోసుకుపోతాం. నువ్వు మాత్రం ఆగవు. ఏటేటా, పూటపూటా, పువ్వుపువ్వునా కొత్త కలయిక, కొత్త పరీక్ష, కొత్త పేరు. మనం పేరు పెట్టుకుని మురిసే మామిళ్లలో ఎన్నో, ఒకనాడు ఎవరి పెరట్లోనో పిలవకుండా మొలిచిన టెంకమొక్కలే. నువ్వు ముందు వరించావు, మనం తర్వాత రుచి చూశాం.

చిన్నప్పుడు మా నాయనమ్మ రాలిన పిందెల్ని చీపురుతో ఊడ్చేది కాదు. వంగి, ఒక్కొక్కటే చెంగులోకి ఏరేది. "పైనున్నవి చెట్టువిరా, కిందవి మనవి" అనేది. ఆ మధ్యాహ్నం పిందెల పప్పు. ఉగాదికి ముందు రోజు వేపచెట్టు కింద పాత చీర పరిచేది. తెల్లవారేసరికి చీర నిండా తెల్లని పువ్వు, గింజ కాలేకపోయిన పువ్వు. దాన్ని చెరిగి, కొత్త కుండలో కొత్త బెల్లం కరిగించి, అందులో కలిపేది. ఆ పైన మామిడికాయ ముక్కలు వేసేది. ఈదురుగాలికి నిలిచి, మంచుకు నిలిచి, నీ ఎదుట నిలిచిన కాయ ముక్కలు.

ఈ ఏడు పచ్చడి దోసిట్లో పట్టినప్పుడు ఒక్క క్షణం ఆగాను తల్లీ. చేదు, నువ్వు వదులుకున్న పువ్వుది. వగరు, నువ్వు వరించిన కాయది. రెండూ ఒకే దోసిట్లో, ఒకే గుటకలో. కళ్లు మూసుకుని తాగాను.